ఎద్దును ఎంచినట్టు కుక్కను ఎంచిన కాక

మా పక్కింటి కాక పోయాడు. పోయిన మంగళవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అరుగు మీద గోడకు ఒరిగి కూర్చున్నాడట. కాసేపటికి కూతురు రొట్టె తినడానికి లేపితే లేవలేదు. ఆమె గోడ మీదుగా మా ఆవిడను పిలిచిన పిలుపుకు, చేతిలో తెరిచి ఉన్న గ్రంథం మూయకుండానే పరుగెత్తాను. నాకంటే ముందే మా కుక్క అక్కడ ఉంది. పొద్దెక్కినా నడకకు లేవడేమిటని ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

కాక అంటే వరసకు చిన్నాయన. నిజానికి ఆయన నాకు చుట్టం కాడు. కులం వేరు, ఊరు వేరు. నుదుట విభూతి రేఖలు లేకుండా గడప దాటని మనిషి. నేనేమో శుక్రవారం శుక్రవారం ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకునేవాడిని. అందరూ నన్ను బ్రదర్ అంటారు కాబట్టి తండ్రి వయసున్న ఆయన కూడా బ్రదరూ అనే పిలిచేవాడు.

పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు గ్రంథంలోంచి ఒక మాట తీసి ముందు పెట్టడం నా అలవాటు. ఈసారి కుక్కల గురించి మంచి మాట కావాలి, ఎందుకంటే కుక్క లేకుండా కాకను తలుచుకోలేను. వెతికాను. గ్రంథంలో కుక్కలకు మర్యాద తక్కువ. బల్ల కింద రొట్టె తునకలు ఏరుకునేవి ఉన్నాయి, దరిద్రుడి పుండ్లు నాకినవి ఉన్నాయి. ఎద్దులకు మాత్రం చాలా గౌరవం ఉంది. కాక వింటే తొడ చరిచేవాడు.

ఆయనది కోహీర్ దగ్గర పల్లె. తాతల నాటి వేళ్లు కర్ణాటక వైపువి. మనుషులతో తెలుగు మాట్లాడి ఎడ్లతో కన్నడం మాట్లాడేవాడు. మోకాళ్లు అరిగి, కొడుకులు ట్రాక్టరు కొని, ఎడ్లను అమ్మేశాక జహీరాబాదులో కూతురింటికి వచ్చాడు. వచ్చిన కొత్తలో పొద్దంతా అరుగు మీద కూర్చుని పలుపుతాడు పేనేవాడు. కట్టడానికి కొట్టంలో పశువు లేదు, అసలు కొట్టమే లేదు. సాయంత్రానికి తాడు విప్పేసేవాడు, తెల్లారి మళ్లీ పేనేవాడు. రొట్టె సగం తిని పక్కకు నెట్టేవాడని కూతురు కళ్లనీళ్లు పెట్టుకునేది.

అప్పుడే మా పిల్లలు కుక్క కావాలని పోరు పెట్టారు. నేను పల్లెలకు వాక్యం చెప్పడానికి పోయినప్పుడు ఇంటికి కాపలా ఉంటుందని మా ఆవిడ కూడా వాళ్ల వైపే చేరింది. బీదర్ రోడ్డు మీద టైర్ల దుకాణం సేటు ఇంట్లో టెర్రియర్ జాతి కుక్క ఈనిందని తెలిసింది. ఫోన్‌లో చదివాను. చిన్న కుక్క, చిన్న చోటు చాలు, చురుకైనది అని ఉంది. చురుకైనది అన్నచోట నేను ఆగి ఆలోచించాల్సింది. మంచి గుణమే కదా అనుకుని ముందుకు పోయాను. మొదటిసారి పెంచేవాళ్లు పిల్లల్లో నెమ్మదైనదాన్ని ఎంచుకోవాలని కూడా రాసి ఉంది. అదొక్కటి మనసులో గట్టిగా పెట్టుకున్నాను.

బయల్దేరుతుంటే మా ఆవిడ అంది: "కాకను గూడ తోల్కపోరి. ఎడ్లను ఎంచుడుల ఆయనకు పేరున్నది. జర బయటికి వచ్చినట్లయితది."

కాక ధోతి మార్చుకుని, తలకు రుమాలు చుట్టి, పశువుల అంగడికి పోతున్నట్టే వచ్చాడు. సేటు వాకిట్లో కుక్కపిల్లలను వదిలితే మేమంతా ముద్దు చేయడానికి వంగాం. ఆయన వంగలేదు. దూరంగా నిలబడి ముందు నడక చూశాడు. ముందరి కాలు పడ్డ చోట వెనక కాలు పడుతుందా లేదా చూశాడు. తర్వాత ఒక్కొక్కదాని నోరు తెరిచి పళ్లు చూశాడు. తోక ఎత్తి పట్టుకున్నాడు. మెడ మీద, వెన్ను మీద వెంట్రుకల సుళ్లు వెతికాడు. వెన్ను మీద సుడి ఉంటే యజమానికి ఆరాం ఉండదట. సేటు టైరు మీద కూర్చుని ఇదంతా నోరు తెరిచి చూస్తున్నాడు. నయం, అతని పళ్లు లెక్కపెట్టలేదు.

ఒక పిల్ల మూలన హాయిగా నిద్రపోతోంది. నాకు కావలసింది అదే. "కాకా, గా పండుకున్నది మంచిగున్నది. నిమ్మళంగ ఉన్నది" అన్నాను.

"పండుకునే ఎద్దును కొని నువ్వు మోస్తవా?" అన్నాడు కాక.

తలరుమాలు విప్పి కొసను నేల మీద ఆడించాడు. మిగతావి కాసేపు ఆడి వదిలేశాయి. తెల్లటి ఒంటి మీద గోధుమ మచ్చలున్న ఒకటి మాత్రం కొసను కరిచి, వెనక కాళ్లు నేలకు తన్నిపెట్టి, గుర్రుమంటూ గుంజింది. కాక కూడా గుంజాడు. అది వదల్లేదు. రుమాలు ఎత్తితే గాల్లో వేలాడింది, అయినా వదల్లేదు. జహీరాబాదుకు వచ్చాక ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

"ఇది గుంజుతది బ్రదరూ. దీన్నే తీస్కో."

బేరం ఇంకా మిగిలింది. మా పశువుల అంగళ్లలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద రుమాలు కప్పి, దాని చాటున వేళ్లు పట్టుకుని మాట్లాడుకుంటారు. కాక పోయి సేటు చేతి మీద రుమాలు కప్పి వేళ్లు పట్టుకున్నాడు. సేటు పట్నం మనిషి. పెద్దాయనకు కళ్లు తిరుగుతున్నాయనుకుని లోపలికి నీళ్ల కోసం కేక పెట్టాడు. సంగతి నేను విడమరిచి చెబితే, డబ్బు వద్దు, ఊరికే తీసుకుపొమ్మన్నాడు. కాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉత్తగా ఇచ్చే పశువులో ఏదో ఐబు, ఏదో లోపం ఉంటుందని ఆయన పట్టు. చివరికి సేటు ఒక రూపాయి బిళ్ల పుచ్చుకున్నాకే కుక్కపిల్ల ఆటో ఎక్కింది.

చెప్పొద్దూ, ఎద్దులో ఉండాల్సిన గుణాలన్నీ ఆ పిల్లలో ఉన్నాయి. కాక ఎంపికలో తప్పు లేదు. మా ఇంట్లో దున్నడానికి పొలం లేదు, అంతే.

పిల్లలు బిస్కెట్ అని పేరు పెట్టారు. ఆ పేరు పెడితే ఎవడైనా తింటాడని కాక కోడె అని పిలిచాడు. అది రెండింటికీ పలికేది. తిండికి బిస్కెట్, తిరుగుడుకు కోడె.

చిన్న కుక్క అంటే చిన్న గొడవ అనుకున్నాం. సోఫా కాలు పోయింది, కూలరు పైపు పోయింది, నా మంచి బూట్లలో ఒకటి పోయి రెండోది ఎందుకూ కొరగాకుండా మిగిలింది. మోకాలంత ఎత్తున్న జీవి కూలరు మీద ఎట్లా ఎక్కి కూర్చునేదో ఇప్పటికీ తెలియదు. ఆడి ఆడి అలిసిపోతుందని పిల్లలు బంతి విసిరేవాళ్లు. పిల్లలు అలిసిపోయేవాళ్లు. మా ఆవిడ చీపురు పట్టుకుని నా వైపు తిరిగి, "ఫోన్ల ఇది రాయలేదా?" అని అడిగేది.

కాక గోడ అవతలి నుంచి చూసి, "పని లేని కోడె కొట్టం కూలుస్తది. తప్పు కోడెది గాదు, పని చెప్పనోనిది" అన్నాడు. ఊరికే అనలేదు. పేనిన తాడుతో దాని ఛాతీకి పట్టేటట్టు పట్టెడ కట్టాడు. విరిగిన పీట చెక్కతో అరచేతంత గుంటక చేశాడు. తెల్లారి రైలు పట్టాల అవతల బీడు నేలకు తోలుకుపోయి దానితో గుంటక లాగించాడు. అది గుంజింది చూడండి, మట్టి లేచింది. కాక వెనక కుంటుకుంటూ కన్నడంలో అదిలించాడు. ఝరాసంగం పోయే ఆటోవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఒకడు, ఎంత దున్నింది పటేలా అని ఎగతాళి చేశాడట. మీ బావమరిది కంటే ఎక్కువే అన్నాడట కాక.

ఇంటికి వచ్చాక కుక్క చాపలా పరుచుకుని పడుకునేది. కాక రొట్టె మొత్తం తినేవాడు, ఇంకొకటి అడిగేవాడు. మోకాళ్ల నొప్పి ఎక్కడ పోయిందని కూతురు అడిగితే, కోడె గుంజుతుంటే నొప్పి వెనకబడుతుందని చెప్పాడు. నేను ఉపదేశాలతో ఓదార్చలేని మనిషిని నాలుగు కాళ్ల జీవి లేపి నడిపించింది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు వచ్చింది నా గొంతుతో. నేను ఏ కళాశాలలోనూ వేదాంతం చదవలేదు. లారీల షెడ్డులో పని చేసుకుంటూ, అన్నం తిన్నాక అందరూ కునుకు తీసే వేళ గ్రంథం తెరిచి సొంతంగా నేర్చుకున్నాను. దేవుడు నాకు గొంతు మాత్రం ధారాళంగా ఇచ్చాడు. మైకు లేకుండా వీధి చివరిదాకా పోయేది. నేను గొంతు ఎత్తినప్పుడల్లా కోడె కూడా ఎత్తేది. నేను ఒక హల్లెలూయా అంటే అది రెండు అనేది. ప్రవక్తను గాడిద మందలించిన కథ గ్రంథంలో ఉంది. ఆ ప్రవక్త మీద నాకు అప్పటిదాకా జాలి కలగలేదు.

పైగా ఒక శుక్రవారం ఏరువాక పున్నమి పడింది. కాక పొద్దున్నే దాన్ని ఆటోలో ఎక్కించుకుని తన ఊరికి తీసుకుపోయాడు. ఊరి ముందు తోరణం కట్టి దాని కింద నుంచి ఎడ్లను ఉరికిస్తారు. తెల్ల ఎద్దు ముందు దాటితే తెల్లజొన్న పండుతుందని, ఎర్ర ఎద్దు దాటితే ఎర్రపంట అని లెక్క. అన్నిటికంటే ముందు మా కోడె దాటింది. ఊరి పెద్దలు కాసేపు తర్జనభర్జన పడి, రంగు తెలుపే కాబట్టి తెల్లజొన్నే అని తేల్చారట. ఆ సాయంత్రం మా కూటంలో అందరూ తలలు వంచి ఉండగా గల్లుగల్లుమని చప్పుడైంది. మెడలో గంట, నుదుట పసుపు, చెవులకు గులాబీ రంగు. వెనకే కాక.

మా కూటంలో పెద్ద అంటే బట్టల దుకాణం నడిపే సహోదరుడు. నిష్ఠగల మనిషి. ఇదేమిటని కాకను అడిగాడు.

"ఊళ్ల అందరి ఎడ్లకు పెట్టిన్రు. దీన్నొక్కదాన్ని ఇడిచిపెడితే దాని మనసు నొవ్వదా?" అన్నాడు కాక.

ఆ తర్వాతి వారం నేను కుక్క మూతికి తోలు చిక్కం బిగించాను. కాక అది చూసి నన్ను అరుగు దగ్గరికి పిలిచాడు. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం పెట్టకూడదని గ్రంథంలో ఉందని ఎప్పుడో నేనే ఆయనకు చెప్పి ఉన్నాను. అది రైతు రాసిన మాట అని మురిసిపోయాడు కూడా. ఇప్పుడు అదే మాట నాకు అప్పజెప్పాడు. అది ఎద్దుకు, కుక్కకు కాదన్నాను. "నేను ఎంచింది ఏందనుకున్నవ్ మరి?" అన్నాడు. చిక్కం విప్పాను. గ్రంథం నోట కరిచినవాడిని గ్రంథంతోనే కట్టేశాడు.

చిక్కం విప్పినందుకు ఫలితం తర్వాతి శుక్రవారమే వచ్చింది. బట్టల దుకాణం సహోదరుడు కళ్లు మూసుకుని దీర్ఘంగా ప్రార్థన చేస్తున్నాడు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ఆయన రెండు పాదాల మధ్య చచ్చిన పందికొక్కు ఉంది. పక్కన కోడె, మెప్పు కోసం తోక ఊపుతూ. ఆడవాళ్లు గోడెక్కినంత పని చేశారు. ఆయన కాసేపటికి తేరుకుని, కోపం లేకుండానే చెప్పాడు: "బ్రదర్, ఈ ఇంట్ల కుక్కన్న ఉండాలె, కూటమన్న ఉండాలె. వచ్చే శుక్రవారానికి మీరే చెప్పున్రి."

ఆ కూటం నేను ఒక్కొక్క మనిషిని పిలుచుకొచ్చి నిలబెట్టుకున్నది. దాన్ని పోగొట్టుకోలేను. రాయికోడ్ దగ్గర పెసర చేనులో ఎలుకల బాధ పడుతున్న రైతు ఒకడు కుక్కను తీసుకుంటానన్నాడు. శనివారం రమ్మని చెప్పాను. గోడ మీదుగా కాకకు సంగతి చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "ఇయ్యి. ఎడ్లనే అమ్ముకున్న. కుక్కెంత?" అన్నాడు.

మర్నాడు ఆయన కూతురు మా ఆవిడతో చెప్పింది, నాన్న రొట్టె ముట్టలేదని, పొద్దున్నుంచీ తాడు పేనుతున్నాడని. మా ఆవిడ నాతో వాదించలేదు. అన్నం వడ్డిస్తూ ఒకే మాట అడిగింది: "ఊరూరు తిరిగి అందరికి బతుకు చెప్తరు. పక్కింటాయన బతుకు సంగతేంది?" ఆ వారమంతా గ్రంథం తెరిచినప్పుడల్లా ఆ ప్రశ్నే కనబడింది.

శుక్రవారం కూటం మొదలయ్యే వేళకు కాక వచ్చాడు. విభూతి పెట్టుకుని, మా గడప పక్కన నేల మీద కూర్చుని, కోడెను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. "నేను పట్టుకుంట. నువ్వు చెప్పు" అన్నాడు. ఇది ఆఖరి ప్రయత్నమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. బట్టల దుకాణం సహోదరుడికి కూడా తెలుసు.

ఆ రోజు వాక్యం, కొండ గుహలో దాక్కున్న ప్రవక్త దగ్గరికి దేవుడు వచ్చిన సంగతి. పెనుగాలి వీచింది, దేవుడు అందులో లేడు. గాలి ఎట్లా వీచిందో నేను వీచి చూపించాను. కోడె మొరిగింది. భూమి కంపించింది, అందులోనూ లేడు. మంట లేచింది, అందులోనూ లేడు. కోడె కాక చేతుల్లోంచి తన్నుకుని మొరిగింది. పట్టు వదలకుండా కాక ఊగిపోతున్నాడు. చివరికి దేవుడు ఒక నెమ్మదైన మాటలో వచ్చాడని కిటికీ అద్దాలు అదిరేట్టు అరిచాను. అది నాకంటే గట్టిగా అరిచింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"బ్రదరూ, ఒక్క ముచ్చట అడుగుత, ఏమనుకోకు" అన్నాడు కాక. "గా మాట మెల్లగ వచ్చింది అంటివి. నువ్వెందుకు గంత గట్టిగ చెప్తున్నవ్?"

బట్టల దుకాణం సహోదరుడు పైకప్పు వైపు చూస్తున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఆ వాక్యం నేను పది ఊళ్లలో చెప్పాను, పది ఊళ్లలోనూ అరిచాను. నాకు కోపం రావాలి. రాలేదు. అదే మాట మళ్లీ చెప్పాను, పక్కన కూర్చున్నవాడికి చెప్పినట్టు. కోడె ఒక చెవి నిక్కించింది. ఇంకో మాట చెప్పాను. అది తల తిప్పి చూసి, కాక మోచేతి మీద గదుమ పెట్టుకుంది. చెవుడున్న ముసలమ్మ ఒకామె వెనక నుంచి లేచి ముందుకు వచ్చి కూర్చుంది. ఆమె వెనక మిగతావాళ్లూ జరిగారు. అప్పటిదాకా మా కూటంలో అందరూ వెనక గోడకు ఆనుకునే కూర్చునేవాళ్లు. నేను అది భక్తి అనుకునేవాడిని.

పోతూ పోతూ బట్టల దుకాణం సహోదరుడు చెప్పు కోసం వెతుక్కుంటూ, "కుక్కను ఉండనియ్యున్రి. దాన్ని పట్టుకునే పెద్దమనిషిని గూడ" అన్నాడు. చెప్పు కాక వాకిట్లో దొరికింది. శనివారం వచ్చిన రాయికోడ్ రైతుకు చాయ్ తాగించి, టైర్ల సేటు ఇంటి దారి చూపించి పంపాను.

అప్పటి నుంచి కాక ఒక్క శుక్రవారం తప్పలేదు. వచ్చిన ప్రతిసారీ, నీ దేవుడి కోసం వస్తలేను, కోడెను పట్టనీకె వస్తున్న అని అందరికీ వినబడేట్టు చెప్పి మరీ కూర్చునేవాడు. నేను వేడెక్కి గొంతు పెంచబోతే కుక్కకంటే ముందు ఆయన చూసేవాడు. కొన్ని మాటలు ఆయనవి నా ఉపదేశాల్లోకి వచ్చి చేరాయి. పశువుకు ఆకలైతే కోపం వస్తది, మనిషికి కడుపు నిండినంక వస్తది అనేవాడు. కొమ్ములు చూసి ఎద్దును కొనకు, మాటలు చూసి మనిషిని నమ్మకు అనేవాడు.

నేను ఊరుకునేవాడిని కాను కదా, ఒకసారి సూటిగా అడిగాను, పోయాక ఎక్కడికి పోతావు కాకా అని. కోడె చెవిలోంచి పల్లేరుకాయ తీస్తూ ఆయన అన్నాడు: "నా ఎడ్లు ఏడికి పోయినయో నన్ను గాడికే పంపుమను నీ దేవుణ్ణి." దీనికి జవాబు ఉండే ఉంటుంది. ఇంకా వెతుకుతున్నాను. ఎవరు ఎక్కడికి పోతారో వేలు పెట్టి చూపించే అలవాటు నాకు ఉండేది. కాక విషయంలో ఆ వేలు ముడుచుకున్నాను. తీర్పు తీర్చేవాడు వేరే ఉన్నాడు, ఆయనకు పశువుల భాష కూడా వచ్చని నా నమ్మకం.

బుధవారం కోహీర్ దగ్గరి చేన్లో, వాళ్ల ఆచారం ప్రకారం కూర్చోబెట్టి మట్టి ఇచ్చారు. చచ్చినా ట్రాక్టరు ఎక్కనని కొడుకులతో పంతం పట్టిన మనిషిని ట్రాక్టరు ట్రాలీలోనే తీసుకుపోయారు. కాదనడానికి ఆయన లేచే స్థితిలో లేడు. దండల మధ్య కోడె కూర్చుని వచ్చింది. దిగమని ఎవరూ అనలేదు. కూతురు నన్ను ఒక మాట చెప్పమంది. చెప్పాను. ముందు వరసలో ఉన్నవాళ్లకు మాత్రం వినబడి ఉంటుంది.

నిన్న శుక్రవారం. కూటం ఉంటుందా అని ఎవరూ అడగలేదు, అందరూ వచ్చారు. గడప పక్క చోటు ఖాళీగా వదిలి కూర్చున్నారు. కోడె వచ్చి ఆ నేలను వాసన చూసింది. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ పోయి మోకాళ్లు వాసన చూసింది. బట్టల దుకాణం సహోదరుడు తన ఒళ్లో తట్టి పిలిచాడు. ఆయన దగ్గర కాసేపు ఆగి, అక్కడి నుంచి కూడా వచ్చేసింది. నేను గ్రంథం తెరిచి నిలబడ్డాను. అది నా దగ్గరికి వచ్చి, రెండు సుళ్లు తిరిగి, నా పాదాల మీద పడుకుంది.

వాక్యం చెప్పేటప్పుడు ఈ గోడ నుంచి ఆ గోడకు తిరగడం నా పద్ధతి. నిన్న తిరగలేదు. ఉన్నచోటనే నిలబడి చెప్పాల్సింది చెప్పాను. పాట అయింది, ప్రార్థన అయింది, ఒక్కొక్కరే లేచి పోయారు. మా ఆవిడ చాపలు చుట్టి మూలన పెట్టి వచ్చి, "అందరు పోయిన్రు, ఇంక కూసోరి" అంది. పెదవి మీద వేలు పెట్టాను. దాని గదుమ నా పాదం మీద వెచ్చగా ఉంది. కాలు తిమ్మిరెక్కింది. కదపలేదు.